కట్టని వసారాలో నడిచిన కొలతలమ్మ

మెలితిరిగిన మెట్ల అడుగుభాగాన్ని పాత దినపత్రికలతో కొలిచి తేల్చడం మన కొలతలమ్మ గెలిచిన మొదటి గెలుపు. అది ఊరికే రాలేదు. ఒక వేసవంతా మెడ పైకెత్తి చూసి చూసి, పడుకున్నా మెడ కిందికి దిగని స్థితికి వచ్చాక వచ్చింది.

అదొక గ్రంథాలయం. నడిమధ్యన నత్తగుల్లలా చుట్టలు తిరుగుతూ పైకి పోయే కాంక్రీటు మెట్లు. పైభాగానిది ఏముంది, మెట్టు తర్వాత మెట్టు కొలుచుకుంటూ పోవచ్చు. అడుగుభాగం అలా కాదు. ఒకచోట వంగి, ఒకచోట మెలిపడి, పారే నీళ్లలో విడిచిన చీరకొంగులా ఉంది. దానికి సిమెంటు పూత పూసిన మేస్త్రీ ఒక లెక్క చెప్పాడు, పూయించిన కాంట్రాక్టరు ఇంకో లెక్క చెప్పాడు, కట్టించే వాళ్ల మనిషి మూడో లెక్క చెప్పాడు. ముగ్గురూ ఒట్టేసి చెప్పినవాళ్లే. అప్పటికి కొలతలమ్మ ఒక కట్టడాల కంపెనీలో చేరి ఏడాది కాలేదు. ఆమెకు పని నేర్పిన పెద్దాయన, కంపెనీలో కొలతలకు చివరి సంతకం పెట్టే మనిషి, ఆ ముగ్గుర్నీ ఆమె మీదికి తోలి చల్లగా కూర్చున్నాడు.

దారంతో కొలిచింది, ఒంపు దగ్గర దారం జారిపోయింది. పుస్తకంలో సూత్రాలన్నీ వేసి చూసింది, ఏ సూత్రమూ ఆ మెలికకు లొంగలేదు. తల ప్రాణం తోకకొచ్చింది. ఆ దిగులులోనే ఒకరోజు రవిక కుట్టించుకోవడానికి సందు చివరి దర్జీ దగ్గరికి వెళ్లింది. దర్జీ అప్పుడు పాత దినపత్రికను ఒక బొమ్మ భుజానికి ఆనించి, ఒంపు వచ్చినచోటల్లా చిన్న గాటు పెట్టి, మళ్లీ దాన్ని బల్ల మీద పరిచి చదును చేస్తున్నాడు. భుజం మీద గుండ్రంగా ఉన్నది బల్ల మీద చదునుగా పడుకుంది. ఆమె రవిక సంగతి మరిచిపోయి ఆ కాగితాన్నే చూస్తూ నిలబడింది. కొలతలు ఇవ్వమని దర్జీ రెండుసార్లు అడిగాడట. మూడోసారి అడిగేసరికి ఆమె మీ దగ్గర పాత పేపర్లు ఎన్ని ఉన్నాయని తిరిగి అడిగింది.

మర్నాడు మైదా జిగురు ఉడికించుకుని, పరంజా మీద వెల్లకిలా పడుకుని, మెట్ల అడుగుభాగమంతా దినపత్రికల ముక్కలు అతికించింది. ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా, మధ్యన సందు లేకుండా. ఆరాక ఒక్కొక్కటే ఊడదీసి గ్రంథాలయం నేల మీద పరిచింది. మెలికంతా నేల మీద చదునుగా పరుచుకుంది. ముగ్గురూ చుట్టూ నిలబడి, పాత వార్తలు చదువుకుంటూ, మారు మాట లేకుండా ఒప్పుకున్నారు. ఈ విద్య ఎక్కడ నేర్చావని పెద్దాయన అడిగితే దర్జీ దగ్గరంది.

"అయితే ఆ దర్జీని వదలకు," అన్నాడాయన.

ఆమె వదల్లేదు. ఆరు నెలలు తిరక్కుండా ఆ దర్జీనే పెళ్లి చేసుకుంది.

ఇక్కడ ఆమె పని ఏమిటో ఒక మాట చెప్పాలి. ఇల్లు కట్టేవాడు మేస్త్రీ అనీ, గీసేవాడు ఇంజినీరు అనీ అందరికీ తెలుసు. గీతకూ గోడకూ మధ్యన ఇంకో మనిషి ఉంటారు. కాగితం మీది గీతల్ని చూసి దానికి ఎంత ఇటుక, ఎంత ఇసుక, ఎంత ఇనుము పడుతుందో ముందే తేలుస్తారు. కట్టిన తర్వాత ఎంత పని అయిందో కొలిచి చెబుతారు. వాళ్లను క్వాంటిటీ సర్వేయరు అంటారు. అంత పేరు నోరు తిరగక మేస్త్రీలే ఆమెకు కొలతలమ్మ అని పెట్టారు. ఆ పేరే నిలిచింది. ఇప్పుడు వాళ్లాయన కూడా ఎవరైనా వచ్చి అడిగితే కొలతలమ్మ ఇంట్లో లేదనే చెబుతాడు.

గాలిమేడలు కట్టేవాళ్లు లోకంలో కావలసినంత మంది. ఆ గాలిమేడకు ఇటుకలు లెక్కగట్టేది ఈమె.

ఎలా లెక్కగడుతుందంటే, నడిచి. ఇది ఆమెకు పుట్టుకతో వచ్చిన అలవాటు. తండ్రి రోడ్డు రోలరు నడిపేవాడు. రోడ్డు ఎంతదాకా పడితే సంసారం అంతదాకా జరిగేది. రేకుల షెడ్డులో కొన్నాళ్లు, గుడారంలో కొన్నాళ్లు, ఒకరి పెరట్లో కొన్నాళ్లు. ఏ గోడా ఆ పిల్లకు సొంతం కాలేదు. అందుకని మధ్యాహ్నం పూట, అవతల రోలరు గురగురమంటుంటే, చాప మీద పడుకుని కళ్లు మూసుకుని తన ఇంట్లో తిరిగేది. వాకిట్లో మెట్లు ఎక్కేది. తలుపు తోసేది, అది కిర్రుమనేది. ముందుగదిలో నేల చల్లగా ఉండేది, వంటగదిలోకి వెళ్లేసరికి కాస్త వెచ్చగా ఉండేది. కిటికీలోంచి పడే ఎండ గడపదాకా వచ్చి ఆగేది. తల్లికి ఈ సంగతి తెలుసు. కూతురు కళ్లు మూసుకుని పాదాలు కదిలిస్తుంటే, ఏ ఇంట్లో తిరుగుతున్నావే అని అడిగేది. మేడ మీద ఉన్నానమ్మా అనేది. అయితే దిగి వచ్చి అన్నం తిను అనేది తల్లి.

పెరిగి పెద్దదై, చదువుకుని, పనిలో చేరాక కూడా ఆ నడక పోలేదు. ప్లాను చేతికి రాగానే పునాదీ గోడా కప్పూ అన్నీ అందరిలాగే కాగితం మీద లెక్కలు కట్టేది. నేల మాత్రం చివరికి అట్టేపెట్టుకునేది. నేల లెక్కకు వచ్చేసరికి ఆఫీసు తలుపు వేసి, కుర్చీలో వెనక్కి వాలి, కళ్లు మూసుకునేది. గేటు దగ్గర మొదలుపెట్టి అన్ని గదుల్లోనూ కాళ్లు పెట్టి తిరిగేది. కాలికి తగిలినదల్లా లెక్కలోకి వచ్చేది. అలా తిరుగుతూనే ఒక బడిలో రెండు గదుల మధ్య గడప వేయడం మరిచిపోయారని పట్టుకుంది. ఒక శీతల గిడ్డంగిలో తలుపు తెరిస్తే అవతలి గోడకు కొట్టుకుంటుందని కట్టకముందే చెప్పింది. బిందెలాంటి నీళ్ల ట్యాంకు కొలిచింది, వాగు మీద వంతెన కొలిచింది, సినిమా హాలు వాలు నేలను కొలిచింది. ఆ హాల్లో మొదటి ఆట చూసి వచ్చిన వాళ్లత్తగారు బొమ్మ సంగతి ఒక్క ముక్క చెప్పకుండా, ఆ నేల మా కోడలు లెక్కగట్టిందని సందులో ప్రతి గుమ్మం దగ్గరా నిలబడి చెప్పింది. ఆవిడే ఇంట్లో మాత్రం ఇంకోలా దెప్పేది.

"నా కోడలు కట్టని ఇళ్లన్నీ తిరుగుతుంది. కట్టిన ఇంట్లో మాత్రం కాలు నిలవదు."

ఇంట్లో రెండు టేపులు. ఆయనది గుడ్డ టేపు, మెడలో. ఆమెది ఉక్కు టేపు, సంచిలో. ఆయన మనిషిని కొలిచి, దానికి నాలుగు వేళ్లు కలిపి గుడ్డ కత్తిరిస్తాడు. పిల్లలు ఎదుగుతారు, పెద్దలు ఒళ్లు చేస్తారు, మడతలో కాస్త గుడ్డ ఉండాలి అంటాడు. ఆమె గోడను కొలిచి, అందులోంచి తలుపుల్నీ కిటికీలనూ తీసేస్తుంది. గాలికి ఇటుక పెట్టకూడదు అంటుంది. ఆమెది తీసేసే లెక్క, నాది కలిపే లెక్క, అందుకే సంసారం సరిగ్గా సరిపోయిందని ఆయన దుకాణానికి వచ్చినవాళ్లతో చెప్పి నవ్వుతుంటాడు.

గాలిని తీసేయడం నేర్పింది పెద్దాయనే. గోడ ఎవడైనా కొలుస్తాడు, కిటికీని కూడా అంత శ్రద్ధగా కొలిచి తీసేసేవాడే మనవాడు అనేవాడు. చింత చచ్చినా పులుపు చావదన్నట్టు, మోకాళ్లు పట్టేసి రెండో అంతస్తు ఎక్కలేకపోయినా, కింద నిలబడి పైగోడలో కిటికీ ఎక్కడ మరిచారో చెప్పగలడు. ఆయన పని మానుకునే రోజు దగ్గరపడింది. తన తర్వాత చివరి సంతకం కొలతలమ్మదేనని కంపెనీ వాళ్లకు చెప్పేశాడు. ఆ సంతకం చిన్నది కాదు. దాని తర్వాత ఇంకెవరూ చూడరు. ఆ సంతకం పైన ఎంత రాస్తే అంత ఇటుక కదులుతుంది, ఎంత రాస్తే అంత పని చేసినట్టు. అంతవరకూ ఆ కుర్చీలో ఆడమనిషి కూర్చోలేదు. ఆ కబురు విన్నరోజు వాళ్లాయన దుకాణం మూసేసి ఇంటికొచ్చి, ఆమె ఉక్కు టేపుకు పట్టుగుడ్డతో చిన్న సంచి కుట్టాడు.

ఆ కుర్చీలో కూర్చోబోయే ముందు చేసే చివరి సైటు పనిగా కాన్పుల ఆసుపత్రి వచ్చింది. చాలా దూరం. రెండు బస్సులు మారి, ఏరు దాటి వెళ్లాలి. అక్కడ ఇరుకు పాత ఆసుపత్రి ఒకటి ఉంది. దాని పక్కన ఖాళీ జాగాలో కొత్తది కట్టాలి. ప్లాను చేతికి వచ్చినరోజు ఆమె ఎప్పటిలాగే కళ్లు మూసుకుని అందులో నడిచింది. ఈ ఇల్లు ఆమెకు మిగతా ఇళ్లన్నిటికంటే నచ్చింది. గేటు దాటగానే పొడుగాటి వసారా. పడమటి ఎండ తగలకుండా దిగువకు వాలిన కప్పు. పొడుగునా కూర్చోవడానికి వీలుగా చిన్న గట్టు. నేల మీద బూడిదరంగు నాపబండలు. చెప్పులు లేకుండా ఆ బండల మీద నడుస్తుంటే అరికాళ్లలోంచి చల్లదనం మోకాళ్లదాకా పాకింది. వసారా చివర కుడికి తిరిగితే కాన్పుల గది తలుపు. ఆ తలుపు అవతల ఎవరో పసిగుడ్డు మొదటిసారి ఏడ్చినట్టు కూడా వినిపించింది. ఆఫీసు బయట ఆటో హారనేమో, తెలియదు.

కొన్నాళ్లకు ప్లాను మారి వచ్చింది. కట్టిస్తున్న ట్రస్టు పెద్దలు వసారా వద్దనుకున్నారు. కాన్పుల గది తలుపు నేరుగా వాకిట్లోకి తెరుచుకునేలా గీయించారు. ఆమె పాత లెక్క తీసి, వసారా పునాది కొట్టేసింది, గట్టు కొట్టేసింది, కప్పు కొట్టేసింది. నేల వంతు వచ్చేసరికి మళ్లీ కళ్లు మూసుకుంది. కొత్త దారిలోనే నడుస్తున్నాననుకుంది. కాళ్లు మాత్రం తమకు నచ్చిన దారినే వెళ్లాయి. గేటు, వసారా, చల్లటి బండలు, కుడికి మలుపు, తలుపు. ఆ సంగతి ఆమెకు తెలియలేదు. వేరే పని చేసుకునేవాళ్లు ఎవరూ ఇలాంటి తప్పు చేయలేరు.

ఆమె సైటు చేరేసరికి పునాదులు లేచాయి. గోడలు నడుమెత్తు వచ్చాయి. నాపబండల లారీ వచ్చినప్పుడు, ఎక్కడ దించాలమ్మా అని డ్రైవరు అడిగితే, ఆలోచించకుండా చెయ్యి చూపించింది. గేటు దగ్గరి నుంచి గోడ వెంబడి పొడుగునా దింపించింది. బండలు ఒకదాని మీద ఒకటి, గట్టులా వరసగా నిలబడ్డాయి. అంతదూరం మోసి ఎందుకు పేర్చి పెట్టించారో కూలీలకు అర్థం కాలేదు. ఆమెకూ అర్థం కాలేదు. ఆ వరస చూస్తే మాత్రం కంటికి హాయిగా అనిపించింది.

లోపలి గదుల నేలలు వేయడం మొదలైంది. మేస్త్రీ వరస వెంట బండలు తీయించుకుంటూ వచ్చాడు. గదులన్నీ అయిపోయాయి. బయట వరస మాత్రం ఎత్తు తగ్గి, పొడుగునా ఇంకా అలాగే ఉంది. మేస్త్రీ తలపాగా విప్పి దులిపి మళ్లీ చుట్టుకుని ఆమె దగ్గరికొచ్చాడు.

"అమ్మా, గదులన్నీ అయిపోయాయి. మరి ఈ బండలు ఏ గదివి?"

ఆమె నోరు తెరిచి చెప్పబోయింది. వసారావి అని నాలుక చివరిదాకా వచ్చింది. గోడ వైపు చూసింది. అక్కడ వసారా లేదు. ఎండ ఉంది. ఇంతకాలం తాను రోజూ పొద్దున్నే గేటు దాటి, గోడ వెంబడి నడిచి, కుడికి తిరిగి లోపలికి వెళుతున్నది ఆ లేని వసారాలోంచేనని అప్పుడు తెలిసింది.

"ఆలు లేదు చూలు లేదన్నట్టుంది వ్యవహారం," అన్నాడు మేస్త్రీ, నవ్వుతూనే. "వసారా లేదు గానీ దాని బండలొచ్చాయి."

సైటు ఇంజినీరు కుర్రవాడు, మంచివాడు. విషయం వినగానే ఇందులో ఏముంది మేడం అన్నాడు. బండలు కోసేటప్పుడు అంచులు విరుగుతాయి, దించేటప్పుడు పగులుతాయి, దానికోసం ప్రతి లెక్కలోనూ వృథా కింద కొంత వదులుతారు, ఇది కూడా అందులో తోసేస్తే పై మనిషి పట్టుకోలేడని నచ్చజెప్పాడు. అతను చెప్పింది అబద్ధం కాదు. ప్రతి సైటులోనూ వృథా ఉంటుంది. దాని పొట్ట పెద్దది, ఏది వేసినా మింగుతుంది. పై మనిషి పట్టుకోలేడు. ఇంకొన్ని వారాలుంటే ఆ పై మనిషి తానే.

ఆ మాట దగ్గరే ఆమె ఆగింది. సాయంత్రం బండల వరస మీద కూర్చుని వాళ్లాయనకు ఫోను చేసింది. బండలు ఎక్కువొచ్చాయంది. లేని వసారాకు లెక్క కట్టానంది. వృథాలో కలిపేస్తే సరిపోతుందంటున్నారంది. అవతల కుట్టుమిషను చప్పుడు ఆగింది.

"నువ్వు మడతలో గుడ్డ వదిలావన్నమాట," అన్నాడు దర్జీ. "ఇన్నాళ్లూ నన్ను ఎక్కిరించావు."

"నవ్వులాట కాదు. కుర్చీ పోతుంది."

"పోనీ, దాచేస్తావా?"

ఎదురుగా పాత ఆసుపత్రి తలుపులోంచి పసుపు వెలుతురు పడుతోంది. "అడుసు తొక్కడం అయిపోయింది. ఇక కాలు కడుక్కోవాలి," అంది.

"మరి నన్నెందుకు అడగడం. పెద్దాయనకు చెయ్యి ఫోను."

చేసింది. పెద్దాయన మధ్యలో ఒక్క ప్రశ్నా వేయకుండా విన్నాడు. వస్తానని మాత్రం చెప్పి పెట్టేశాడు.

ఆ మోకాళ్లతో రెండు బస్సులు మారి, ఏరు దాటి ఆయన వచ్చాడు. మధ్యాహ్నం ఎండ తెల్లగా కాస్తోంది. కాస్త నీడన కూర్చుని నీళ్లు తాగమన్నా వినలేదు. కాగితాలు చూపించబోతే చేత్తో పక్కకు జరిపాడు.

"కాగితాలు తర్వాత. ఎక్కడ నడిచావో అక్కడ నన్ను తీసుకెళ్లు. కళ్లు మూసుకునే తీసుకెళ్లు."

అలా ఒక మధ్యాహ్నం, మేస్త్రీలూ కూలీలూ పని ఆపి చూస్తుండగా, ఇద్దరు మనుషులు లేని వసారాలో నడిచారు. ముందు ఆమె, కళ్లు మూసుకుని. వెనక ఆయన, కర్ర పొడుచుకుంటూ. ఇక్కడ ఒక మెట్టు ఉంది అని ఆమె కాలు ఎత్తి వేసింది. ఆయనా కర్ర ఎత్తి వేశాడు. ఇక్కడ కప్పు దిగువకు వాలుతుంది, తల జాగ్రత్త అంది. ఆయన నిజంగానే కాస్త వంగాడు. ఎండ వాళ్ల మీద కాస్తోంది గానీ, అప్పుడు తనకు నీడలో ఉన్నట్టే అనిపించిందని ఆమె తర్వాత చెప్పింది. బండల చల్లదనం అరికాళ్లకు తెలిసిందట. ఎదురుగా గాలి ఒక తెరలా తగిలి, పక్కకు తప్పుకుని దారిచ్చిందట. ఎక్కడో పసిబిడ్డ ఏడుపు వినిపించింది. ఈసారి అది ఆటో హారను కాదు, పాత ఆసుపత్రిలోంచే.

వసారా సగంలో పెద్దాయన, గట్టు ఎక్కడుందని అడిగాడు. మీ ఎడమచేతి వైపు అంది. ఆయన ఎడమకు జరిగి కూర్చోబోయాడు. ఆమె ఉలిక్కిపడి కళ్లు తెరిచింది. ఆయన పడలేదు. కింద బండల వరస ఉంది. గట్టు ఉండాల్సినచోటే బండలు దింపించింది కదా.

ఆయనకు అటూ ఇటూ అప్పటికే జనం కూర్చుని ఉన్నారు. ఒక ముసలావిడ ఒళ్లో మూట పెట్టుకుని ఉంది. ఒకతను భార్య చెప్పులు చేతిలో పట్టుకుని ఉన్నాడు. ఇద్దరు అక్కచెల్లెళ్లు ఒకే గొడుగు కింద ముడుచుకున్నారు. పాత ఆసుపత్రిలో కాన్పుకొచ్చినవాళ్ల మనుషులు వాళ్లంతా. కొలతలమ్మ వాళ్లను రోజూ చూస్తూనే ఉంది. బండల మీద కూర్చోవద్దని ఒకటి రెండుసార్లు చెప్పి, వినకపోతే ఊరుకుంది కూడా. వాళ్లక్కడ ఎందుకు కూర్చుంటున్నారని మాత్రం ఎన్నడూ అనుకోలేదు.

పెద్దాయన గుడ్డతో ముఖం తుడుచుకుని, కొత్త ఆసుపత్రిలో మీరంతా ఎక్కడ కూర్చుంటారమ్మా అని ముసలావిడను అడిగాడు. మందుల ట్రేతో అటే వెళుతున్న హెడ్ నర్సు ఆగింది. ఆవిడ గొంతు పెద్దది, మనసులో ఏదీ దాచుకునే మనిషి కాదు.

"ఎక్కడ కూర్చుంటారండీ, మా నెత్తి మీద. ఒక్కో పిల్లకు నలుగురొస్తారు. వానొస్తే ఆ నలుగురూ కాన్పు గదిలోకే వస్తారు. ఈ బండలు దిగినప్పటి నుంచే నా గది నాకు దక్కింది."

పెద్దాయన అక్కడే కూర్చుని ఇంకో పావుగంట వచ్చి కూర్చునేవాళ్లను లెక్కపెట్టాడు. తర్వాత లేచి, సైటు ఇంజినీరును పిలిచి, ట్రస్టు పెద్దలకు ఫోను కలపమన్నాడు. నర్సు చెప్పిన మాటల్ని నర్సు చేతే చెప్పించాడు. ఆవిడ ఫోను అవసరం లేకుండానే వాళ్లకు వినిపించేంత గట్టిగా చెప్పింది. ట్రస్టు పెద్దలు వారం రోజులు అటూ ఇటూ ఊగారు, తేలేదాకా పెద్దాయన అక్కడే మకాం పెట్టాడు. ఒకాయన స్వయంగా వచ్చి బండల మీద కూర్చుని చూశాడు. చివరికి పాత పొడుగులో సగం కడదామన్నారు, రేకుల కప్పుతో. మిగిలిన బండలు గేటుదాకా దారికి వేసుకోమన్నారు.

ఇంతటితో తన తప్పు చెరిగిపోయిందని కొలతలమ్మ అనుకుందో లేదో గానీ, పెద్దాయన మాత్రం అనుకోలేదు. తిరిగి వెళ్లే బస్సు కోసం రోడ్డు పక్కన నిలబడి ఉండగా ఆ మాటెత్తాడు.

"వసారా రావడం వాళ్ల అదృష్టం. దానివల్ల నీ లెక్క ఒప్పయిపోదు. తప్పు తప్పని నీ చేత్తో రాసి పంపు."

రాసి ఇప్పుడే తెచ్చానని ఆమె మడిచిన కాగితం అందించింది. ఆయన చదవకుండానే జేబులో పెట్టుకున్నాడు. దూరంగా బస్సు రేపిన దుమ్ము కనిపిస్తోంది. ఆమె అడగాలనుకున్నది అడగలేక, ఉక్కు టేపు ఉన్న పట్టు సంచిని వేళ్లతో నలుపుతోంది. ఆయన చూశాడు.

"కుర్చీ సంగతేగా," అన్నాడు. "ఆ వసారా కట్టేదాకా ఇక్కడే ఉండు. కట్టాక కొలువు. ఈసారి కళ్లు తెరిచి, టేపు పట్టి, మోకాళ్ల మీద వంగి కొలువు. ఆ లెక్క పట్టుకుని వచ్చి, దాని కింద చివరి సంతకం నువ్వే పెట్టు. అంతవరకూ కుర్చీ నేను చూస్తుంటాను."

"మీ మోకాళ్లు?"

"కుర్చీలో కూర్చోవడానికి మోకాళ్లెందుకే," అని ఆయన బస్సెక్కాడు.

ఇదీ జరిగింది. ఇప్పుడు వసారా గట్టు లేచింది. రేకులు పడ్డాయి. మేస్త్రీ గోడ వైపు నుంచి బండలు పరుచుకుంటూ వస్తున్నాడు. ఆమె రోజూ పొద్దున్నే వచ్చి, చెప్పులు విడిచి, పరిచినంతమేరా నడిచి చూస్తుందట. కళ్లు తెరిచే నడుస్తుందట. కొన్నిచోట్ల తాను కలలో నడిచినదానికంటే నేల కాస్త వెచ్చగా ఉందని, రేకుల కప్పు వల్ల కావచ్చని వాళ్లాయనకు ఫోనులో చెప్పింది. వసారా సగమే కదా, మిగతా సగంలో ఇప్పుడు ఎండ పడుతుందట. ఆ ఎండలోకి అడుగు పెట్టే ముందు ఇంకా కాస్త ఆగుతుందట, అక్కడ ఒక మెట్టు ఉన్నట్టు. బండలు ఎంతదాకా వస్తాయని మేస్త్రీ అడిగితే, ముందుగా చెప్పను, వచ్చినంతదాకా వేయమందట.

ఇక్కడ అత్తగారు సందులో ఈ కథ చెప్పడం ఎప్పుడో మొదలుపెట్టింది. ఆవిడ చెప్పినప్పుడల్లా వసారా కొంచెం పొడుగవుతోంది. వాళ్లాయన కొత్త కుర్చీలోకి కట్టుకోవడానికి చీర తీసుకుని, రవిక గుడ్డ కత్తిరించి పెట్టాడు గానీ కుట్టలేదు. ఇన్ని నెలలు ఎండలో తిరిగిన మనిషి, పాత కొలతలు పనికిరావు, వచ్చాక కొలిచే కుడతానంటున్నాడు. మడతలో నాలుగు వేళ్ల గుడ్డ మాత్రం ముందే వదిలి పెట్టాడు. పెద్దాయన రోజూ ఆఫీసుకు వచ్చి, కర్ర గోడకు ఆనించి, ఆ కుర్చీలో కూర్చుంటున్నాడు.

ఆఖరి బండ పడ్డాక, వసారా కొలిచి, ఆమె ఇంటికి చేరేది మార్చి పద్దెనిమిది, బుధవారం, పొద్దుటి బస్సుకు.